ముప్పై ఏడు, ఆరు

సిద్ధాంతం వంతెన ఎక్కబోతుంటే
వెనకాల ఏదో పటుక్కుమంది.
ఇంజను తిరుగుతోంది, షాఫ్టూ తిరుగుతోంది,
చక్రాలు మాత్రం మా మాట వినడం మానేశాయి.
పైన తొమ్మిది వేల అంబాజీపేట కాయలు.
ఏసుపాదం బాబాయి ఇరుసు కింద దూరి
గుల్లకి చెవి ఆనించి
"పళ్ళు రాలిపోయాయిరా" అన్నాడు,
సంతలో ముసలి ఎద్దు నోరు తెరిచి చూసినవాడిలా.

నూనె వంపితే డబ్బాలోకి నల్లగా జారింది.
అడుగున మూడు ముక్కలు తళతళమన్నాయి.
పెద్ద చక్రం పళ్ళు వేలితో లెక్కెట్టి
నా ముంజేతి మీద బాల్‌పెన్నుతో రాశాడు,
కింద గీత గీసి, గీత కింద ఆరు.
విరిగిన పినియను గోనెలో చుట్టి నా భుజానికెత్తాడు.
"అచ్చం ఇలాంటిదే. ఇలాంటిది కాదు, ఇదే."

రావులపాలెంలో లేదు.
బస్సులో పక్కనావిడ రొయ్యల బుట్టని
నా గ్రీజుకి దూరంగా జరుపుకుంది.
తణుకులో కుర్రాడు అట్టపెట్టి విప్పి
"ఎన్ని పళ్ళు?" అన్నాడు. చెయ్యి చూసుకున్నాను.
చెమటకి అంకె కాలవలో రంగులా పారిపోయింది.
మూడో నాలుగో. ఏడో ఒకటో.
ఆరు ఒక్కటే నిలబడింది.
"నలభై ఒకటి ఉంది, ఎక్కేత్తాది, పట్టుకుపో."
బాబాయి ఫోను ఛార్జింగు లేక చచ్చింది.
ఆ వేలి లెక్క మళ్ళీ ఎవర్నడగను?

తాడేపల్లిగూడెం.
ఉల్లిపాయల లారీల వెనక సందులో జిలానీ గారి కొట్టు.
కొట్టంటే కొట్టు కాదు,
చచ్చిన బళ్ళ వెన్నుపూసల గుట్ట.
నోట్లో నాలుగు పళ్ళున్న మనిషి
నా సంచిలో పళ్ళ సంగతి అడిగాడు.
"మర్చిపోయానండి" అన్నాను. నవ్వలేదు.
గుడ్డ కిరసనాయిల్లో ముంచి
పినియను ముఖం తుడిచాడు, జొరమొచ్చిన పిల్లకి తుడిచినట్టు.
మట్టి కింద, నూనె కింద, ఇన్నేళ్ళ మసి కింద
చెక్కిన అంకెలు లేచాయి: 37, 6.
రెండు జిల్లాలు మోసుకు తిరిగాను దాన్ని,
సంచిలోనే ఉంది జవాబు.

"దీని జతేదీ?"
"పెద్దది బాగానే ఉందండి, బండిలోనే ఉంది."
"బాగుంటే బాగుంటది. పనికి మాత్రం రాదు.
ఈ రెంటినీ ఒకదానికొకటి రాసి రాసి తయారు చేస్తారు బాబూ.
ఒకటి మార్చావా, రెండోది ఏడుస్తాది.
యాభై దాటగానే వినపడతాది ఆ ఏడుపు."
గుట్టలోంచి రెండు లాగాడు,
రెండిటి మీదా ఒకే నంబరు, 218.
ఏ బండివో అడిగాను.
"కాలవలో పడ్డది" అని ఊరుకున్నాడు.
ఎవరు పడ్డారో నేను అడగలేదు.

పదకొండు వేలకి ఆరొందలు తగ్గాయి.
విరిగిన పినియనుని తూకానికి తీసుకుని సరిపెట్టాడు.
అది గుట్ట మీద బోర్లా పడింది,
కడిగిన ముఖంతో.

రాత్రి వంతెన పక్కన పెట్రోమాక్సు వెలుగులో
మెకానిక్కు వీర్రాఘవులు గ్రీజులో ఇంత కుంకం కలిపి
పళ్ళకి పూసి తిప్పాడు.
"ముద్ర పంటి నడుమ పడాల.
కొసన పడితే ఇరిగిపోద్ది, మొదట్లో పడితే అరిగిపోద్ది."
పల్చటి రేకు ఒకటి వేశాడు, తీశాడు,
అంతకంటే పల్చంది వేశాడు.
నాలుగోసారికి ఎర్రగా, నడిమధ్యన,
తమలపాకు నమిలిన పెదవిలా పడింది.
"ఆయ్" అన్నాడు, అంతే.

తెల్లారగట్ల బండి కదిలింది.
వంతెన దిగి, మలుపులో
బయటి చక్రం ఎక్కువ నడిచింది, లోపలిది తక్కువ నడిచింది,
రెండూ కలిసే వచ్చాయి.
బాబాయి పాట ఆపేశాడు. నన్ను దగ్గొద్దన్నాడు.
ముల్లు నలభై దాటింది.
నలభై ఎనిమిది.
యాభై ఒకటి.

వెనకాల కొబ్బరికాయలు
ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు తప్ప
ఏమీ లేదు.
అయినా తణుకు దాకా ఇద్దరం మాట్లాడలేదు.